మెడికేర్‌కి మూడేళ్ల ముందు

ఆ ఏడు మా ఆయనకు అరవై ఐదు నిండాయి, నాకు అరవై రెండు. ఈ మూడేళ్ల తేడా పెళ్లిచూపులప్పుడు తప్ప మళ్లీ ఎప్పుడూ మా మధ్య మాటకు రాలేదు. ఫిబ్రవరిలో, ప్లేనోలో మా ఇంటికి ఆయన మెడికేర్ కార్డు, అదే అరవై ఐదు నిండినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ కార్డు, పోస్టులో వచ్చిన రోజున కూడా రాలేదు. కార్డు నాకు చూపించి, పర్సులో డ్రైవింగ్ లైసెన్సు వెనక పెట్టుకుని, మే నెలాఖరుకి ఉద్యోగం ఆపేస్తానన్నారు. నేను సంతోషించాను. నిజంగానే సంతోషించాను. ఆ సాయంత్రం సేమ్యా పాయసం కూడా చేశాను.

ఆయన పనిచేసేది పద్దెనిమిది మంది ఉన్న చిన్న కంపెనీలో. గోదాముల్లో సరుకు ఎక్కడుందో చెప్పే సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఏప్రిల్ రెండో వారంలో అక్కడి హెచ్.ఆర్. ఆవిడ ఆయనకు ఒక మెయిల్ పంపింది. అందులో నాలుగో పేరా నాది. ఇన్నాళ్లూ ఆయన ఇన్సూరెన్స్ మీదే నేనూ ఉన్నాను కాబట్టి, మే ముప్పై ఒకటితో నాదీ ఆగిపోతుందని రాసింది. కావాలంటే సొంత డబ్బుతో కొన్ని నెలలు పొడిగించుకోవచ్చట, అదీ మాకు అందనంత ఖరీదు. ఆ తర్వాత మళ్లీ వెతుక్కోవలసిందే. నేను పొద్దుటిపూట మూడు గంటలు ఒక ప్రీస్కూల్లో పిల్లల్ని చూసుకుంటాను. ఆ పనికి ఇన్సూరెన్స్ ఉండదు.

ఏ చిన్న జబ్బూ లేని మనిషినైతే అంత కంగారు పడేదాన్ని కాదేమో. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు ఉంది. ఎనిమిదేళ్ల కిందట ఒక పొద్దున లేచి స్నానాలగది తలుపు పిడి తిప్పబోతే వేళ్లు మూసుకోలేదు. అలా మొదలైంది. మొదటి మందు లివర్‌ని పాడుచేయబోయింది, రెండోది ఏమీ చేయలేదు. రెండేళ్లు తిరిగాక, పదిహేను రోజులకోసారి నేనే పొడుచుకునే ఇంజెక్షన్ ఒకటి పనిచేసింది. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దాని పెట్టె ఉంటుంది. ఆ మందు దగ్గరికి నన్ను చేర్చిన డాక్టరు నా ఈడు మనిషి. పిల్లల గురించో, వర్షం గురించో అడుగుతూ, నా ఒక్కో వేలి కీలునీ బొటనవేలితో నొక్కి చూసేది. ఎక్కడ నొప్పి ఉందో నేను చెప్పక ముందే ఆవిడకు తెలిసిపోయేది.

ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెట్టిన రోజునే ఒక తప్పు చేశాను. ప్రభుత్వం వాళ్లదే అనుకుని ఏదో సైట్‌లో నా ఫోన్ నంబర్ ఇచ్చాను. పది నిమిషాల్లో మొదటి ఫోన్ వచ్చింది. ఆ తర్వాత ఆగలేదు. ప్రీస్కూల్లో పిల్లలకు యాపిల్ ముక్కలు కోస్తుంటే ఏప్రాన్ జేబులో ఫోన్ వణుకుతూనే ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం కారెక్కబోతూ ఎత్తాను. అవతల ఒకతను చాలా మర్యాదగా మాట్లాడాడు. ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లవచ్చన్నాడు, ధర కూడా తక్కువే చెప్పాడు. చివర్లో, ప్రస్తుతం ఏదైనా జబ్బుకు మందులు వాడుతున్నారా అని అడిగాడు. చెప్పాను. అయితే అక్కడ లేదు అని రాసేస్తాను, సరేనా అన్నాడు.

నేను వెంటనే వద్దనలేదు. అది ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. జబ్బును దాచి కొన్న పాలసీ ఆ జబ్బుకే అక్కరకు రాదని తెలియనిదాన్ని కాదు. అయినా ఒక్క ఊపిరి తీసి వదిలేంత సేపు, సరే అందామా అనుకున్నాను. తర్వాత ఫోన్ పెట్టేసి, ఎండలో కారు పక్కన అలాగే నిలబడ్డాను.

ఆ నెలంతా నేను ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు. బియ్యం కడిగి కుక్కర్ పెట్టడం మరిచిపోయేదాన్ని. అల్మారా సర్దుదామని బట్టలన్నీ మంచం మీద వేసి, మధ్యలో లేచి కంప్యూటర్ ముందుకు వెళ్లేదాన్ని. ఇండియన్ స్టోర్‌కి వెళ్లి ఒక్క కొత్తిమీర కట్ట పట్టుకుని తిరిగొచ్చాను. ప్లాన్లకు బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని పేర్లు. ఒక్కోదానికి ఒక్కో డాక్టర్ల లిస్టు, ఒక్కో మందుల లిస్టు; లిస్టులో లేనివాటికి వాళ్లు డబ్బు కట్టరు. డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేస్తే ఆ ప్లాన్ మేం తీసుకుంటాం అనేవారు. ఇన్సూరెన్స్ వాళ్లకు చేస్తే ఆ డాక్టరు మా లిస్టులో లేరు అనేవారు. రెండు చోట్లా నాతో మాట్లాడినవాళ్లు నెమ్మదైనవాళ్లే. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలిసేది కాదు.

శాంటా క్లారాలో ఉండే మా అమ్మాయి ఒక ఆదివారం వీడియో కాల్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి కూర్చుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఇలాంటివి దానికి చిటికెలో పని అనుకున్నాను. అదీ అలాగే అనుకుంది. నేను ఊరికే ఓవర్‌థింక్ చేస్తున్నానని మొదట్లో విసుక్కుంది. గంటంపావు గడిచాక కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకుంది.

"అమ్మా, ఇది నాకు కూడా అర్థం అవట్లేదు. సారీ అమ్మా," అంది.

దాని గొంతు విని నాకు భయం వేసింది. అయినా ఫర్వాలేదులే, ముందు అన్నం తిన్నావా, అని మాట మార్చాను.

చివరికి దారి చూపించింది లైబ్రరీలో ఒకావిడ. మంగళవారాలు అక్కడ బల్ల వేసుకుని కూర్చుని, ఇన్సూరెన్స్ ఎంచుకోవడంలో ఉచితంగా సాయం చేస్తుంది. దేనినీ అమ్మదు. జబ్బు ఉందని ఈ ప్లాన్లలో ఎవరూ కాదనడానికి వీల్లేదని ముందు చెప్పి నన్ను కుదుటపరిచింది. తర్వాత నా డాక్టరు పేరు, మందు పేరు, మా ఆదాయం అడిగి, ఓపికగా ఒక్కోదాన్నీ కొట్టేస్తూ వచ్చి, రెండు కాగితాలు ప్రింటు తీసింది. ఒకదాంట్లో మీ డాక్టరు ఉంది, ఇంకోదాంట్లో మీ మందు ఉంది, రెండూ ఉన్నది నాకు దొరకలేదు అంది. మొదటి ప్లాన్‌లో నా ఇంజెక్షన్ కావాలంటే, ముందు వాళ్లు చెప్పిన రెండు మందులు వాడి చూడాలి. ఆ రెండూ నేను జబ్బు మొదట్లోనే వాడి ఓడిపోయినవి.

నెలాఖరు దాకా ఆగకుండా, ఆ వారంలోనే మా ఆయనకు ఆఫీసువాళ్లు వీడ్కోలు భోజనం పెట్టి, పేరు చెక్కిన గాజు పలక ఒకటి ఇచ్చారు. ఇంటికి వస్తూ కారులో అది నా ఒడిలో ఉంది. ఆయన హాయిగా, వచ్చే నెల పెరట్లో ఏమేం మొక్కలు వేయాలో చెబుతున్నారు. నా నోటి నుంచి ఆ మాట ఎలా జారిందో తెలియదు.

"ఇంకో మూడేళ్లు చేసి ఉంటే ఏమయ్యేదండీ?"

ఆయన కారును పక్క వరుసలోకి తిప్పారు.

"ఈ మాట ఫిబ్రవరిలో అని ఉండాల్సింది," అన్నారు.

"ఫిబ్రవరిలో నాకేం తెలుసు?"

అంతే. ఇంటికి వచ్చాక గాజు పలకను హాల్లో పెట్టకుండా, పైన గదిలోకి తీసుకెళ్లారు. ముప్పై నాలుగేళ్లు పని చేసిన మనిషికి విశ్రాంతి ఇవ్వలేకపోయానని నాకు సిగ్గేసింది. నేను అడిగినదాంట్లో తప్పేముందని కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి ఉండేవి, రెండింటితోనూ నిద్ర లేచేదాన్ని.

మే మూడో వారంలో డాక్టరు దగ్గరికి వెళ్లాను. పాత ఇన్సూరెన్స్ మీద అదే ఆఖరు. రెండు కాగితాలూ ఆవిడ ముందు పెట్టాను. ఏదో ఒకటి సర్దుబాటు చేద్దాం, నువ్వు నా దగ్గరికే రా అంటుందని లోపల ఆశ. ఆవిడ రెండూ చదివింది. నా చేతులు తీసుకుని ఎప్పటిలాగే కీళ్లన్నీ నొక్కి చూసింది. డాక్టర్లు దొరుకుతారు, ఈ మందు నీ ఒంటికి పడింది, దాన్ని వదలకు అంది. నేను కళ్లు తుడుచుకుంటుంటే కంప్యూటర్ వైపు తిరిగి, కొత్త డాక్టరుకి ఉత్తరం రాసింది. ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టింది, ఎందుకు ఆపింది, రక్తపరీక్షల్లో ఏం కనిపించింది, అన్నీ. నేనక్కడ కూర్చుని ఉండగానే రెండు పేజీలూ పూర్తి చేసి, సంతకం పెట్టి ఇచ్చింది.

ఇరవై ఎనిమిదో తారీకున మందున్న ప్లాన్‌నే తీసుకున్నాను. చివరి బటన్ దాకా వెళ్లి మూడుసార్లు వెనక్కి వచ్చాను. నాలుగోసారి మా ఆయన నా కుర్చీ వెనక నిలబడి, "నొక్కెయ్, ఇంక చూసేదేముంది," అన్నారు. నొక్కాను.

అంతటితో అయిపోతే బాగుండేది. కొత్త ప్లాన్‌లో ముందు ఒక ఫ్యామిలీ డాక్టర్ని చూడాలి, ఆయన చీటీ రాస్తేనే కీళ్ల డాక్టరు. ఆ కీళ్ల డాక్టరు ముప్పావుగంట దూరంలో, డెంటన్‌లో ఉన్నాడు, జులై రెండో వారం దాకా ఖాళీ లేదు. ఆయన చూశాక గానీ ఇంజెక్షన్‌కు ఇన్సూరెన్స్ వాళ్ల అనుమతికి రాయరు. జూన్ మొదట్లో ఫ్రిజ్‌లోని ఆఖరి ఇంజెక్షన్ వేసుకున్నాను. జులై వచ్చేసరికి రెండు తప్పిపోయాయి. వేళ్లు మళ్లీ ఉబ్బడం మొదలైంది. ప్రీస్కూల్లో చాకు పట్టుకోలేక యాపిల్ పని వేరేవాళ్లకు ఇచ్చేశాను. తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు.

ఒక పొద్దున మా ఆయన దువ్వెన నా చేతిలోంచి తీసుకుని నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. మా అమ్మాయి చిన్నప్పుడు కూడా ఆయన ఒక్కసారీ జడ వేసిన పాపాన పోలేదు. పాయలు అటూ ఇటూ అయ్యాయి. మూడుసార్లు విప్పి మళ్లీ మొదలుపెట్టారు. అప్పుడు, నా వెనక నుంచి, మామూలుగా చెప్పారు.

"ఆ మర్నాడే నేను మేనేజర్ని అడిగాను. ఉండిపోతానని."

ఏ మర్నాడో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"నా పోస్టులోకి అప్పటికే ఒకతన్ని తీసేసుకున్నారు. కాంట్రాక్ట్ మీద అయితే చూద్దాం, కానీ ఇన్సూరెన్స్ లాంటి బెనిఫిట్స్ ఉండవు అన్నాడు. బెనిఫిట్స్ లేకపోతే మనకెందుకు? వద్దన్నాను."

"నాకు చెప్పలేదేం?"

"ఏం చెప్పను? అంతమంది ముందు సెలవు తీసుకుని, మర్నాడు పొద్దున్నే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డానని చెప్పనా?"

నేను వెనక్కి తిరగబోతే, "కదలకు, పాయ జారిపోతుంది," అన్నారు. కదలలేదు. ఆయన రబ్బర్‌బ్యాండ్ వేసేదాకా అలాగే కూర్చున్నాను. ఎనిమిది వారాలుగా నేను మోసిన కోపం ఎవరి మీదో ఇక నాకు గుర్తు రాలేదు. ఆయన నన్ను క్షమించమని అడగలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు వంట ఆయనే చేశారు. పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయారు, నేను చెప్పలేదు.

డెంటన్ డాక్టరు కుర్రాడు. నా వైపు కన్నా స్క్రీన్ వైపే ఎక్కువ చూశాడు. ఇంతదూరం వచ్చింది ఇందుకా అనుకున్నాను. కానీ పాత డాక్టరు ఉత్తరం రెండు పేజీలూ చదివాడు. ఇది లేకపోతే నేనూ ఆ పాత మందులతోనే మొదలుపెట్టేవాణ్ని, ఇప్పుడు అక్కర్లేదు అన్నాడు. అనుమతి మొదటిసారి ఏదో కాగితం తక్కువైందని వెనక్కి వచ్చింది. రెండోసారి వచ్చేసింది. ఆగస్టు మొదటి వారంలో ఐసు సంచుల మధ్య ఇంజెక్షన్ గుమ్మం ముందుకు వచ్చింది. మూడు వారాలకు పిడికిలి మూయగలిగాను. ప్రీస్కూల్లో చాకు మళ్లీ నా చేతికే ఇచ్చారు.

అక్టోబరులో ఇన్సూరెన్స్ వాళ్ల ఉత్తరం ఇంకొకటి వచ్చింది. జనవరి నుంచి ప్లాన్‌లో కొన్ని మార్పులు ఉంటాయట. ఇంకా రెండేళ్లపైన ఉంది నాకు. చిన్నపిల్లలు పుట్టినరోజు కోసం చూసినట్టు అరవై ఐదు కోసం ఎదురుచూస్తున్నాను. ఇలా కోరుకోవడం బాగుండదని తెలిసీ కోరుకుంటున్నాను. మంగళవారం లైబ్రరీకి వెళ్లాను. మందు వచ్చే ఏడాది లిస్టులో కూడా ఉందని ఆవిడ చూసి చెప్పింది. డెంటన్ క్లినిక్ లిస్టులో ఉంటుందో లేదో మాత్రం ఇంకా తేలలేదని, నవంబర్‌లో మళ్లీ రమ్మని అంది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన వంటింట్లో బెండకాయలు ముందేసుకుని కూర్చున్నారు. ఏమన్నారని అడిగారు. సగం తెలిసింది, సగం తెలియలేదన్నాను. ఆయన ఇంకో చాకు తీసి నా ముందు పెట్టారు. హ్యాండ్‌బ్యాగ్ భుజాన ఉండగానే కూర్చుని, తొడిమలు కోయడం మొదలుపెట్టాను.