క్లచ్‌ప్లేటు వాసన

ప్రొద్దుటూరులో మా కారు బాగుచేసే మెకానిక్, విప్పిన ప్రతి సామానునూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. ఆయన వేసిన కొత్త క్లచ్‌ప్లేటు మూడు నెలలకే అరిగిపోయింది. కొత్తల్లుణ్ణి వెంటబెట్టుకుని పోయి, "డూప్లికేటుది ఏసి మోసం చేస్తాండావా, దొంగోడా!" అని అరిచాను. ఆయన ప్లేటు వాసన చూశాడు. నా ఎడమకాలి వైపు ఒకసారి చూశాడు. "నాదే తప్పులేప్పా" అని ఇంకొకటి వేశాడు.

అదీ అరిగింది. ఈసారి ఒక్కణ్ణే పోయాను.

"నువ్వు క్లచ్ మీద కాలు తీయకుండా తోల్తాండావప్పా. ఆ పొద్దే కాలిన వాసనొచ్చె. అల్లుని ముందర యాడ చెప్పేది?" అన్నాడు.

జమ్మలమడుగులో ఉండే అల్లుడు ఇప్పటికీ దగ్గర్లోని ప్రొద్దుటూరును వదిలి, కారు బాగుచేయించడానికి పులివెందుల దాకా పోతాడు. "ప్రొద్దుటూరోడు దొంగ గదా మామా" అంటాడు.

నేను ఊఁ కొడతాను.