పోలయ్య పొగ పన్ను

పొగ కనబడితే చాలు, పోలయ్య దాని మీద పన్ను వెయ్యందే ఊరుకోడు. బీడీ పొగా, స్కూటరు పొగా, దేవుడి ముందు పొగా అన్న తేడా లేదు. వ్రతం చేసుకుంటున్న ఇంట్లోకి దూరి సాంబ్రాణికి పన్ను అడిగిన మనిషి! బిలాస్‌పూర్ మొత్తం మీద ఇలాంటివాడు ఒక్కడే ఉండటం, ఆ ఒక్కడూ తెలుగు రైల్వేవాళ్ళుండే తమ తార్‌బహార్ పేటలోనే ఉండటం తన ప్రారబ్ధమని అప్పయమ్మ రోజూ తిట్టుకునేది. పేటలో అందరికంటే ఎక్కువ పొగ ఆవిడదే మరి. రైల్వే ఫాటక్ పక్కన రేకుల కింద ఆవిడ గారెల కొట్టు, బొగ్గు పొయ్యి.

ఇదంతా తొంభై రెండులో మొదలైంది. విశాఖ నుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చే పేపర్లో పోలయ్య ఓ వార్త చదివాడు. పొగ వల్ల భూమి వేడెక్కిపోతోందట, బొగ్గూ చమురూ కాల్చేవాళ్ళ మీద పన్ను వెయ్యాలా వద్దా అని పై దేశాలు వాదులాడుకుంటున్నాయట.

"ఎయ్యాలా వొద్దా ఏటి? ఎయ్యాలి! ఈళ్ళు తేల్చీసరికి మనం ఏగిపోతాం!" అని మండిపడి, ఆ సాయంత్రమే వసూళ్ళకి దిగాడు.

ముప్పై ఏళ్ళు స్టీమ్ ఇంజన్లో బొగ్గు వేసిన ఫైర్‌మన్ అతను. ఇంజన్లు పోయాయి, అతనూ రిటైరయ్యాడు, కన్ను మాత్రం రిటైరవలేదు. నల్ల పొగ వస్తే బొగ్గు దండగ చేస్తున్నావని షెడ్డులో మెమో ఇచ్చేవారు. అంచేత అతని పన్నుకి రంగే లెక్క. అప్పయమ్మకైతే బూడిద రంగుకి ఒక గారె, నలుపుకి రెండు.

"నల్లగా లెగుస్తంది. రెండు!"

"నీ మొకం లెగుస్తంది! బోణీ కాకుండానే వొచ్చీసినావేటన్నా?"

"గవర్మెంటు బోణీ సూస్తదా?"

"నువ్వు గవర్మెంటువా?"

"ముప్పై ఏళ్ళు గవర్మెంటు బొగ్గే ఏసినాను కదా!"

"మరి నీ చుట్టకేదీ పన్ను?"

ఇక్కడే అప్పయమ్మకి ఒళ్ళు మండిపోయేది. పోలయ్య తాగేది అడ్డచుట్ట. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటాడు.

"మంట లోపలే, పొగ లోపలే. బయటికొచ్చిందేటి? నాకు పన్ను పడదు!" అనేవాడు. ఆ మాట అనడానికి నోరు తెరిస్తే పొగ గుప్పున బయటికొచ్చేది. వెంటనే నోరు మూసుకుని, గారెలు పొట్లం కట్టుకుని వెళ్ళిపోయేవాడు.

మిగతావాళ్ళ దగ్గర ఇంకా వింత వస్తువులు అడిగేవాడు. స్కూటర్లు బాగుచేసేవాడి దగ్గర రేకు గొట్టం. బొగ్గు కంపెనీ ఆఫీసరు వెంకటేశ్వరరావు గారి జీపుకి ఇరవై ఇటుకలు. ఓ పొద్దున్న గారెలు తింటూ ఆయన వాదనకి దిగాడు.

"చూడు పోలయ్యా, నా జీపుకి పన్ను వేస్తావు సరే. రేపు గనుల మీద కూడా వేశారనుకో, బొగ్గు ధర పెరుగుతుంది. ఆఖరికి కట్టేది ఎవరు? ఈ అప్పయమ్మే."

"అచ్ఛా, అలాగైతే వసూలైంది అప్పయమ్మకే ఇచ్చీమనండి!"

"నాకేటీ ఇవ్వక్కర్లేదు, నా గారెలు నాకొదిలీండి సాలు!" అని అరవబోయిన అప్పయమ్మకి దగ్గు తెర ముంచుకొచ్చింది.

ఆ దగ్గు ఆర్నెల్లుగా ఉంది. బొగ్గు పొయ్యి మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు చెప్పాడు. పొయ్యి మానితే కొట్టు లేదు, కొట్టు లేకపోతే తిండి లేదు. ఈ సంగతి ఒక్క కనకం వదినకి, అంటే పోలయ్య భార్యకి, మాత్రమే చెప్పుకుంది.

ఓ ఆదివారం దగ్గి దగ్గి కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, పొగలోంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. "రెండు!"

అప్పయమ్మకి తిక్క రేగింది. మనిషి చస్తున్నా పన్నేనా? గారెలైతే ఇచ్చింది గానీ, పొయ్యి మీద నీళ్ళు కొట్టి, అట్లకాడ పుచ్చుకుని అతని వెనకే ఇంటికి నడిచింది.

పెరట్లో, ఒకప్పుడు బాయిలర్లు చేసిన ముసలి మేస్త్రీ అప్పలకొండ మోచేతుల దాకా మట్టితో, నోటినిండా ఆవిడ గారెతో కూర్చుని ఉన్నాడు. అతని ముందు జీపు పన్ను ఇటుకలతో కట్టిన పొయ్యి. దాని నెత్తిన స్కూటరువాడి గొట్టం.

"ఏటిది?"

"నీ పొయ్యే," అన్నాడు పోలయ్య నేల చూపులు చూస్తూ. "పొగ పైకెల్లిపోద్ది. ఈడు నీ గారెలు తప్ప ఇంకే కూలీ ఒద్దన్నాడు. రోజుకి రెండు తిని, సిటికెడు పని సేస్తన్నాడు."

అప్పలకొండ నమలడం ఆపకుండా తలూపాడు.

"డాక్టరు మాట నానే సెప్పినాను. నన్ను తిట్టు," అంది కనకం.

ఇంత కోపం ఎక్కడ పెట్టుకోవాలో అప్పయమ్మకి తెలియలేదు. "నోరిప్పి సెప్తే నీ సొమ్మేటి పోయిందన్నా?"

"ఊరికే ఇస్తే పుచ్చుకుంటావేటి? మొన్న సలికాలం దుప్పటిస్తే నా మొకానే కొట్టినావు! ఇదైతే నువ్వు కట్టిన పన్నే. తీసికెల్లు!"

మర్నాడే నలుగురు మోసుకొచ్చి పొయ్యిని కొట్టులో దింపారు. పొగ గొట్టం గుండా రేకుల పైకి పల్చగా లేచింది. అప్పయమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది, దగ్గు రాలేదు. పోలయ్య మెడ వెనక్కి వాల్చి చూశాడు.

"ఈ రంగుకి పన్ను నేదు. మాఫీ."

"మాఫీ ఎవడడిగినాడు?" అప్పయమ్మ కస్సుమంది. ఆకులో రెండు గారెలు పెట్టి అతని ముందుకి తోసింది. "తిను. తినాలంటే ముందు ఆ నోట్లోది తియ్యాల."

పోలయ్య ఇరుకున పడ్డాడు. చుట్ట తీసి కాసేపు చుట్టకేసీ గారెకేసీ మార్చి మార్చి చూశాడు. చివరికి చుట్టని కాలవలో పడేశాడు.

"రేపటికి ఇంకోటుందిలే," అన్నాడు.

"రేపటికి గారె కూడా ఉంది," అంది అప్పయమ్మ.