మామయ్య నెత్తురు మెరిసింది

అక్కా, నా అక్షరాలు వంకర, తప్పులు కూడా ఉంటాయి. నవ్వకుండా చదువుకో.

మా ఆయన పనిచేసే మంచిర్యాల ల్యాబులో ఈ రోజు మామయ్యకు కొవ్వు పరీక్ష చేశారు. నెత్తురు మీద తేరిన నీటిలో ఏదో మందు కలిపి ఊదారంగు దీపం కింద పెడితే పచ్చగా మెరిసింది. అత్తమ్మ దండం పెట్టింది.

"మీ మామ నెత్తురు దీపం లెక్క ఎలుగుతుంది సూడు బిడ్డా!"

"గది మంచిది కాదే అవ్వా," అన్నారు మా ఆయన వాళ్ళమ్మతో. "కొవ్వు ఎక్కువుంటేనే గట్ల మెరుస్తది. రేపు పరగడుపున మళ్ళ చూస్త. తగ్గకుంటే బాపుకు నెయ్యి బంద్."

ఈ రోజూ పరగడుపునే రమ్మన్నారు. కానీ పొద్దున మామయ్య అడిగితే కాదనలేక, నెయ్యి రాసి రెండు రొట్టెలు పెట్టింది నేనే. ఆ మెరుపు జబ్బుదో నా నెయ్యిదో తెలియదు.

సాయంత్రం మామయ్య మెల్లగా, "రేపు గూడ రెండు పెట్టు బిడ్డా, ఎవ్వలకు చెప్పకు" అన్నారు.

"పరీక్ష అయినంకనే పెడత మామా," అన్నాను.

మామయ్య "నీకు గూడ నోరున్నదే!" అని నవ్వారు.

నెయ్యి సంగతి మా ఆయనకు చెప్పనా వద్దా, నువ్వైతే ఏం చేసేదానివో రాయి. ఇది మాత్రం బావ చూసి మా ఆయనకు చెప్పకముందే పొయ్యిలో వెయ్యి.