సాయికిరణ్ పసుపు గంట

హైదరాబాదు కంపెనీలో సాయికిరణ్ నాలుగేళ్లు చేసిన ఘనకార్యం ఒక్కటే. ఫోను తెర మీద గుర్తుచేసే గంట బొమ్మ ఏ మూలన ఉండాలో ఆలోచించడం. కుడి మూలనా, ఎడమ మూలనా అని పదకొండు మీటింగులు జరిగాయి. పన్నెండో మీటింగు జరగకముందే కంపెనీ అతన్ని ఇంటికి పంపింది. బాన్సువాడకు తిరిగొచ్చి, మేడ మీది గదిలో కూర్చుని, ఇక ఊరిని బాగుచేస్తానన్నాడు. బాగుచేయమని ఊరు ఎవరినీ అడిగినట్టు లేదు.

బీర్కూర్ తొవ్వలో అతని నాయన ముత్తెన్నకు మూడెకరాల వరి ఉంది. పొట్టకొచ్చిన పైరు. ఇప్పుడు ఒక్క తడి తప్పినా గింజ తాలవుతుంది. కాలువ నీళ్లేమో పదిరోజులకొక వంతు. ఆ వంతులు చూసేవాడు నీరడి బాలయ్య. సైకిల్ మీద గడపగడపకూ వచ్చి, "పటేలా, నీ వంతొచ్చింది" అని పిలుస్తాడు. తేదీ కంఠతా వచ్చినా సరే, ఆ పిలుపు వినకుండా ఎవరూ తూము దగ్గరికి పోరు. పోతే నీళ్ల దొంగ అన్న పేరొస్తుంది. ఆ పేరు మనవల పెళ్లిళ్ల దాకా వెంటాడుతుంది.

"గీ కాలంల గడపగడపకు తిరుగుడేంది కాకా?" అని బాలయ్యను అడిగి, సాయికిరణ్ వంతుల కోసం ఒక యాప్ తయారుచేసి, అందులో తనకొచ్చిన ఒకే ఒక్క విద్య ప్రదర్శించాడు. వంతు రాగానే తెర మూలన చిన్న పసుపు గంట ఊగుతుంది. దాని కింద "సరే" నొక్కేదాకా కదలదు. హోటల్లో చాయ్ తాగుతూ రైతులంతా నొక్కి చూసి మెచ్చుకున్నారు. బాలయ్య కూడా చిన్నబుచ్చుకోలేదు.

"మంచిదే బిడ్డా, మోకాళ్లు నొస్తున్నయ్. ఇగ జర కూసుంట," అన్నాడు.

మొదటి వంతు, సాయికిరణ్‌కు వరసకు బావయ్యే రైతు బాలకృష్ణది. నీళ్లు అతని మడి పక్కనుంచే దర్జాగా వెళ్లిపోయాయి. సాయికిరణ్ పరుగెత్తుకొచ్చాడు.

"గంట రాలేదా బావా?"

"ఎందుకు రాలే? మంచిగొచ్చింది. సరే అని ఒత్తిన గద."

"మరి తూము కాడికి పోలేదేంది?"

"ఎవలన్న పిలిస్తే గద పోయేది! పిలువని పేరంటానికి పోతమా?"

ఇంత మాట విన్నాక ఎవరికైనా జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. సాయికిరణ్‌కు మాత్రం గంట చిన్నదైందని తెలిసింది. మరునాడే దాన్ని రెండింతలు చేశాడు. అప్పుడది వాట్సాప్ మెసేజీలకు అడ్డం వస్తోందని జనం గోల పెట్టారు.

మంగళవారం ముత్తెన్న వంతు. ఆయనది పాత మీటల ఫోను కాబట్టి ఆయన వంతు గంట కొడుకు ఫోనుకే వస్తుంది. పొద్దుటి నుంచి సాయికిరణ్ గంటను కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి జరుపుతూ, నలభైసార్లు ఊపి చూసుకున్నాడు. పదకొండింటికి అది తనంతట తానే ఊగింది. ఎంత ముద్దుగా వచ్చిందో అని మురిసిపోయి, "సరే" నొక్కి, మళ్లీ పనిలో పడ్డాడు. కింద వాకిట్లో ముత్తెన్న భుజాన పార వేసుకుని, కొడుకు ఎప్పుడు పిలుస్తాడా అని మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు.

"గంట కొట్టిందా బిడ్డా?" అని సాయంత్రం అడిగాడు.

"కొట్టింది నాయినా."

"నువ్వేం జేసినవ్?"

"సరే అన్న."

ముత్తెన్న తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది సాయికిరణ్‌కు. చివరికి బాలయ్యే కుంటుకుంటూ పోయి, పక్క మడి రైతు జేత్యాను బతిమాలి, అతని వంతులోంచి కాసేపు నీళ్లు మళ్లించాడు. రెండున్నర ఎకరాలు దక్కాయి. చివరనున్న అరెకరం తాలైపోయింది.

తరువాతి వంతులకు యాప్ ఉంది, గంటా ఉంది. కాకపోతే అది ఊగగానే సాయికిరణ్ బాలయ్యను బండి మీద ఎక్కించుకుని ఆ ఇంటికి తీసుకుపోతాడు. బాలయ్య పిలుస్తాడు, రైతు బయలుదేరతాడు, సాయికిరణ్ "సరే" నొక్కుతాడు. యాప్ అద్భుతంగా పనిచేస్తోందని ఊరంతా ఒప్పుకుంది.

పదోరోజున బండి తమ వాకిట్లోనే ఆగింది. ముత్తెన్న అప్పటికే పార భుజాన వేసుకుని గడప లోపల నిలబడి ఉన్నాడు. బాలయ్య బండి దిగలేదు.

"మీ నాయినను నువ్వే పిలువు," అన్నాడు.

సాయికిరణ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నాయినా, మన వంతొచ్చింది," అని పిలిచాడు.

అప్పుడు గడప దాటాడు ముత్తెన్న.