అత్తగారి గోడ

పుష్యమాసంలో ముసురేమిటో, మూడు రోజులుగా తెరిపిస్తూ మళ్ళీ పడుతూ ఉంది. డాబా మీద ఆరేసిన బట్టలు తీయడం రిటైరయ్యాక దువ్వాడలో నాకు దక్కిన పదవి. ఇవాళ మధ్యాహ్నం కూడా చినుకు పడగానే పైకి పరుగెత్తాను. పరుగంటే మోకాళ్ళు ఒప్పుకున్నంత. బట్టలన్నీ లాగేశాక తాడొక్కటే మిగిలింది. బొటనవేలంత లావు నైలాను తాడు, ఒకప్పుడు నీలం, ఇప్పుడు ఏ రంగో చెప్పలేను. "చీరలారెయ్యడానికి ఇంత తాడేటండీ, ఓడని గానీ కడతారేటి?" అని పక్కింటావిడ ఓసారి నవ్వింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు, అది ఫిషింగ్ హార్బర్‌లో పడవల వాళ్ళు వాడే తాడే. కానీ నేను దాన్ని కొన్నది పడవ కోసం కాదు. మా మేనత్త కొడుకునీ నన్నూ ఒక రాతి గోడ మీద ప్రాణాలతో నిలబెట్టడానికి.

ఎనభైల మొదట్లో మాట. నేను పోర్టులో గుమస్తాని. బావ ఓడలకి రంగులేయించే కాంట్రాక్టరు దగ్గర సూపర్వైజరు. కాలేజీలో ఉండగా ఉత్తరాదిన ఎక్కడో కొండలెక్కడంలో శిక్షణ పొంది వచ్చాడు. అప్పట్నుంచీ ఆ పిచ్చి అతనికి వదల్లేదు, అతన్నుంచి నాకూ అంటుకుంది. ఆదివారం వస్తే యారాడ వైపు కొండ రాళ్ళ మీద బల్లుల్లా పాకేవాళ్ళం. వలలు బాగుచేసుకునే ఆడవాళ్ళు తలెత్తి చూసి, "ఏటి బాబూ, పడిపోయిందేటైనా ఎతుకుతన్నారా?" అని అడిగేవారు. రాయి ఎక్కి దిగడానికి ఆదివారం పాడుచేసుకుంటారంటే వాళ్ళు నమ్మేవారు కాదు. మా అమ్మ అసలే నమ్మేది కాదు. మేము ఎక్కడో పేకాడుతున్నామని చాలా కాలం ఆవిడ నిశ్చయం.

యారాడ రాయి మంచి రాయి. వాన వెలిసి కాస్త ఎండ కాస్తే చాలు, ఆరిపోతుంది. మా మనసు పడింది మాత్రం బొర్రా గుహల అవతల, లోయలోకి దిగితే కనబడే ఒక సున్నపురాయి గోడ మీద. సున్నపురాయి సంగతి వేరు. వానాకాలమంతా నీళ్ళు తాగి లోపల దాచుకుంటుంది. వానలు పోతాయి, ఆకాశం నీలంగా మెరుస్తుంది, రాయి పైకి పొడిగా కనబడుతుంది, మనం సంబరంగా చెయ్యి పెడతాం. పట్టు దొరకాల్సిన బొక్కలోంచి చల్లటి నీరు మోచేతి దాకా కారుతుంది. తడి సున్నపురాయి మీద కాలు పెట్టడం సబ్బు మీద కాలు పెట్టడమే. ఎప్పుడు ఏడుస్తుందో, ఎందుకు ఏడుస్తుందో తెలియదు కాబట్టి బావ దానికి 'అత్తగారి గోడ' అని పేరు పెట్టాడు. అతనికి అప్పటికి పెళ్ళి కూడా కాలేదు.

ఆ గోడని అప్పటికి ఎవరూ ఎక్కలేదు. ముందు ఎక్కేది మేమిద్దరమే, ఒకే తాడుకి చెరో కొసా కట్టుకుని. అదీ మా ఒప్పందం. నైరుతి వానలు పోయాయనుకునేసరికి కార్తీకంలో తుపాను, ఆ తడి ఆరేసరికి ఇంకో తుపాను. గోడ ఆరి, ఎండలు ముదరకముందు దొరికే ఆ నాలుగు వారాలే మాకు సీజను. ఊట ఆగిందో లేదో చూడ్డానికి ఇద్దరికీ సెలవు దొరకదు కాబట్టి వంతులేసుకున్నాం. ఒకరు పొద్దున్నే కొండ ఎక్కే ప్యాసింజరులో వెళ్ళి, గోడ మధ్యలో చేతికందే ఎత్తున ఉన్న పెద్ద బొక్కలో వేలు పెట్టి చూసి రావాలి. వేలు తడిగా వస్తే వెనక్కి వచ్చేయాలి. పొడిగా వస్తే రెండోవాడికి కబురు. చూసొచ్చినవాడి మాటే మాట, మళ్ళీ ప్రశ్న లేదు. మూడేళ్ళు అలా గడిచాయి, మూడేళ్ళూ తడే. ఆ మూడేళ్ళలో నాకు పెళ్ళి సంబంధాలు వస్తే కూడా, మాఘంలో ముహూర్తం వద్దని గొడవ పెట్టాను. కారణం చెబితే తంతారని చెప్పలేదు.

నాలుగో ఏడు చూసి రావడం బావ వంతు. ఆ రోజుల్లో స్టీల్ ప్లాంటు కడుతున్నారు, ఊరి నిండా పైరాష్ట్రాల ఇంజనీర్లు. వాళ్ళలో ఇద్దరికి కొండలెక్కే అలవాటుందనీ, విదేశీ సామాను ఉందనీ బావ ఒకటి రెండుసార్లు చెప్పాడు. నేను చెవిన పెట్టలేదు. తాడు మా ఇంట్లోనే ఉండేది. లోయలోకి దిగేచోట జారుడుగా ఉంటుందని శనివారం వచ్చి పట్టుకెళ్ళాడు. ఆదివారం దీపాలవేళకి వచ్చి, చుట్ట చుట్టిన తాడు వసారాలో పడేసి, పీట మీద కూలబడ్డాడు.

"నేదు బావా. ఇంకా ఊటుంది. ఏలు ఎడితే ఏలంతా తడే. ఈ ఏటికింక ఆశొదులుకో" అన్నాడు.

నా మొహం ఎలా అయిందో గానీ, మా అమ్మ నన్ను వదిలేసి అతన్ని చూసి జాలిపడింది. అంత దూరం పోయి వచ్చాడని వేడివేడిగా ఉప్మా చేసి పెట్టింది. బావ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మ వసారా తుడుస్తూ కేకేసింది. "ఓరే, తాడు కాడ ఈ పిండేటిరా? నిన్నేగా గచ్చు కడిగాను!"

వెళ్ళి చూశాను. ఎర్ర గచ్చు మీద తాడు చుట్టూ తెల్లగా, ముగ్గు ఒలికినట్టు. తాడు దులిపితే ఇంకా రాలింది. తడి సున్నపురాయి మీద తాడు రాసుకుంటే బూడిదరంగు ముద్ద పట్టుకుంటుంది, గోకినా ఒక పట్టాన పోదు. ఇలా తెల్ల పొడి రాలిందంటే గోడ ఎముకలా ఎండిందన్నమాట. ఆ మాట నాకు నేర్పింది బావే. నాకు నేర్పి తను మరిచిపోయాడు.

ఉప్మా తింటూ నా కళ్ళలోకి చూసి మాట్లాడాడు. నాకు ఇప్పటికీ అదే మింగుడుపడదు.

సెలవు పెట్టి ఆ మర్నాడే ప్యాసింజరెక్కాను. గోడ తెల్లగా, ఎండలో కళ్ళు చెదిరేలా ఉంది. పెద్ద బొక్కలో వేలు పెట్టాను. పొడి. దాని పక్కనే కొత్త ఇనుప మేకు దిగగొట్టి ఉంది. గోడ అడుగున ఎర్ర రంగుతో మూడు ఇంగ్లీషు అక్షరాలు, ముగ్గురి పేర్లలో మొదటివి. మధ్యది బావది. నాది లేదు. ఓడలకి వేసే రంగే, వాన పడినా చెదరదు. అక్కడ ఎవరూ లేరు కాబట్టి కూర్చుని ఏడ్చాను. సిగ్గేమీ లేదు, ఆ గోడ దగ్గర ఏడవడం కొత్త కాదు.

బండి దిగి తిన్నగా హార్బర్ దగ్గర టీ కొట్టుకి వెళ్ళాను, అతను అక్కడే దొరుకుతాడని తెలుసు. నా పంట్లాముకి అంటిన తెల్ల పొడి చూడగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆళ్ళు నన్ను హిమాలయాలకి తీసుకెల్తామన్నారు బావా. ముందు నాను ఎక్కగలనో నేదో సూస్తామన్నారు."

"ఎల్లు. ఎవులొద్దన్నారు? నాకు ఎండిందని సెప్పడానికేటి?"

టీ డబ్బులు బల్ల మీద పెట్టి లేస్తూ అన్నాడు. "సెప్తే నువ్వొచ్చెత్తావు బావా."

అంతే. అతను ఇంకేదో పెద్ద అబద్ధం ఆడినా నేను తట్టుకునేవాణ్ణి. ఆ నిజం విని, టీ తాగకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆ ఇద్దరూ హిమాలయాలకి వెళ్ళారు. బావని తీసుకెళ్ళలేదు. నాకు సంతోషమేసిందా అంటే, వేసింది. పై ఏడు మాఘంలో బావ మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "గోడ బాగా ఎండింది బావా. సూసొచ్చాను. మనిద్దరమే ఎల్దాం, తాడు తియ్యి" అన్నాడు. ఆ తాడు అప్పటికే పెరట్లో బట్టలు మోస్తోంది. "నేదు బావా, ఇంకా తడే" అన్నాను. ఆ మాట ఎవరిదో అతనికి తెలిసింది. తలొంచుకుని వెళ్ళిపోయాడు. కానీ మళ్ళీ ఏడూ వచ్చాడు. తర్వాత మనవళ్ళు పుట్టి, కాళ్ళకి నొప్పులొచ్చి, రావడం మానేసి ఫోను చేస్తున్నాడు. చలికాలం రాగానే ఏటేటా ఎండిందా అని అతని ప్రశ్న, తడే అని నా జవాబు. పెళ్ళిళ్ళలో పక్కపక్కనే కూర్చుని భోంచేస్తాం. గోడ ఊసు మాత్రం ఫోనులోనే.

ఇందాక నేను బట్టలు మడతపెడుతుంటే ఫోను మోగింది. గొంతు బాగా సన్నబడిపోయింది. "ఏటి బావా, ఈ ఏడైనా ఎండిందా?"

కిటికీలోంచి చూశాను. వాన దంచుతోంది. "తడే బావా" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట నిజమైంది ఇదే మొదలు. నిజమో కాదో తేల్చుకోవడానికి ఆ లోయలోకి దిగే కాళ్ళు మాత్రం ఇద్దరికీ లేవు.