ఇంట్లో ఇంకెవరూ లేరని రాసిచ్చిన కాగితం

జీతం ఖాతా ఖాళీ అయిందని నాకు కిరాణా కొట్టులో తెలిసింది. బియ్యం సంచి వెనక్కి ఇచ్చేసి బ్యాంకుకు వెళ్తే, నాకు ఓవర్‌డ్రాఫ్ట్ మంజూరైందని అభినందించారు. ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకునే సౌకర్యమట. దాన్ని తెరిచిన ఖర్చు రెండు వేల తొమ్మిది వందల యాభై రూపాయలు. అంటే లేని డబ్బు వాడుకునే వీలు కల్పించినందుకు ఉన్న డబ్బు తీసుకున్నారు. ఉన్నది చాలక ఖాతా సున్నా కిందికి పోయింది. పోయినదానికి నెలనెలా వడ్డీ వేస్తున్నారు.

నేను అడగలేదన్నాను. ఒప్పుకున్నారన్నాడు ఆఫీసరు. ఒక మంగళవారం పగలు పదకొండింటికి బ్యాంకువాళ్లు ఫోన్ చేస్తే నేను సరే అన్నట్టు కంప్యూటర్లో ఉందట. ఆ మంగళవారం నాది మొదటి షిఫ్టు. పదకొండింటికి నేను బొగ్గుబాయిలో, భూమి కింద ఉన్నాను. లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు, నిప్పురవ్వకు భయపడే చోటది. మిగతావాళ్లు బండి డిక్కీలో పెట్టుకుంటారు. నేను క్వార్టర్లోనే వదిలి తాళం వేస్తాను. డ్యూటీ అయ్యాక ఆత్రంగా చూసుకోవాల్సినవేవీ అందులో ఉండవు. కాల్స్ జాబితా తీసి చూపించాను, ఆ రోజు ఏమీ లేదు. చెరిపెయ్యొచ్చు గదా అన్నాడు.

డబ్బు అక్కర్లేదని కాదు. కానీ అసలు మంట, నేను అనని మాట నా నోట పెట్టారని. రోజంతా నేను మాట్లాడేదే తక్కువ, అందులో బ్యాంకువాళ్లు ఒకటి కలపడం బాగాలేదు.

రెండోసారి వెళ్లేటప్పుడు లాంప్‌రూం నుంచి రుజువు పట్టుకెళ్లాను. బాయి దిగేముందు ప్రతి మనిషీ తన నంబరు దీపం తీసుకుంటాడు, పైకొచ్చాక తిరిగి అప్పగిస్తాడు. రెండూ టైముతో సహా రిజిస్టర్లో పడతాయి. దీపం రాకపోతే మనిషి రాలేదని అర్థం, వెతకడానికి వెళ్తారు. అక్కడ పనిచేసే పెద్దాయన్ని నేను కాక అంటాను, ఆయనా మా నాన్నా ఒకే ఏడు నౌకరీలో చేరారు. కాక పేజీ తిప్పి వేలు పెట్టి చూపించాడు.

"పొద్దుగాల ఏడింటికి పోయింది నీ లాంపు, మూడింటికి వచ్చింది. నడుమ పైకొచ్చి సరే అని మళ్ల దిగినవా?"

నకలు రాసి, మేనేజరుతో ముద్ర వేయించి ఇచ్చాడు.

ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివాడు. చెడ్డవాడు కాదు. నన్నూ నమ్మాడు, కంప్యూటర్‌నూ నమ్మాడు. మా ఇద్దరికీ రాజీ కుదిర్చే దారి కోసం కాసేపు ఆలోచించాడు.

"మరి ఇంట్ల ఎవరన్న ఎత్తిన్రేమో."

"ఇంట్ల ఎవ్వరు లేరు సార్."

"మీ మేడం?"

"పెండ్లి కాలే."

"అమ్మ?"

"చిన్నప్పుడే పోయింది."

"బాపు?"

"ఆయన పోతెనే గదా సార్ నాకు ఈ నౌకరి."

అప్పుడు అర్థమైంది నాకు. ఇంట్లో ఒక్క మనిషి ఉన్నా నేను ఓడిపోయేవాణ్ణి. నా కేసు మొత్తం ఖాళీ ఇంటి మీద నిలబడి ఉంది. ఆ సంగతే కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి తెమ్మన్నాడు.

ఆ సాయంత్రం రాయడానికి కూర్చున్నాను. "నేను ఈ క్వార్టర్లో ఒంటరిగా నివసిస్తున్నాను" అని మొదలుపెట్టాను. చదువుకుంటే సినిమాలో ఇంటర్వెల్ ముందు డైలాగులా ఉంది. "ఒంటరిగా" కొట్టేసి "ఒక్కడినే" అని దిద్దాను. నేను లేనప్పుడు నా ఫోన్ ఎత్తేవారు ఎవరూ లేరని రెండో వాక్యం. మూడో వాక్యానికి విషయం లేదు.

కాక కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా సంతకం చేశాడు. రెండో సాక్షి పక్క క్వార్టరు అక్క. మా రెండిళ్లకూ గోడ ఒకటే, ఆమె కుక్కరు ఎన్ని విజిళ్లు వేసిందో నాకు తెలుసు. గడప దగ్గర నిలబడి అక్షరం అక్షరం చదివింది. అట్లెట్లా రాస్తవు, మేమంతా లేమా అంటుందని నేను ముందే అనుకున్నాను. అంటే చెప్పడానికి ఒక జోకు కూడా సిద్ధం చేసుకున్నాను. అక్క తల ఎత్తింది.

"నిజమే గదా, దీంట్ల ఏమున్నది," అని సంతకం పెట్టి, "ఫోన్ నంబరు గూడ రాయాల్నా?" అంది.

రాయమన్నాను. జోకు నా దగ్గరే ఉండిపోయింది.

పది రోజులకు డబ్బు వెనక్కి వచ్చింది, వడ్డీతో సహా. గెలిచాను. ఎవరికైనా చెబుదామని ఫోన్ తీశాను, కాస్త ఆలోచించి ఖాతాలో అంకె మళ్లీ ఒకసారి చూసుకుని పెట్టేశాను. మర్నాడు నాకు డ్యూటీ లేదు. బ్యాంకుకు వెళ్లి ఆ కాగితం తిరిగి ఇవ్వమని అడిగాను. ఎందుకన్నాడు ఆఫీసరు. నాకూ తెలియదు. అక్కడ ఎవరి అల్మారాలోనో అది పడి ఉండటం నచ్చలేదు, అంతే.

ఇవ్వడం కుదరదట, ఫైల్లో ఉండాల్సిందేనట. నా మొహం చూసి జాలి కలిగిందేమో, కొంచెం ముందుకు వంగాడు.

"ఫికర్ చెయ్యకున్రి. ఇంట్లకు ఎవరన్న వస్తే వచ్చి చెప్పున్రి, మారుస్తం."

"దానికి చార్జీ ఏమన్న ఉంటదా సార్?"

ఆయన దాన్ని ప్రశ్నగానే తీసుకున్నాడు. కంప్యూటర్ వైపు తిరిగి, ఒక పేజీ తెరిచి, ఇంకోటి తెరిచి, చాలాసేపు వెతికాడు. నా వెనక లైను పెరిగింది. ఎవరో దగ్గారు. నేను కౌంటరు పట్టుకుని నిలబడ్డాను.

"లేదు," అన్నాడు చివరికి. "ఫ్రీనే."