బిళ్ళ ఉన్న తాబేళ్ళు

తాబేళ్ళ మీద రీసెర్చి చేస్తున్నానంటే మా చుట్టాల్లో నవ్వని మనిషి లేదు. "అందుకే దీని పెళ్ళి కూడా తాబేలు నడకే నడుత్తన్నాది" అని మా పెద్దమ్మ పదిమందిలో అనేసింది. ఆ మాట పడ్డాను. ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో పెళ్ళికాని ఆడపిల్ల ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని సముద్రపు తాబేలు తెడ్డులాంటి రెక్క పట్టుకుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

నా బాధల్లా వేరు. ఫిషింగ్ హార్బర్లో మరబోట్లు ఏటికేడూ పెరుగుతున్నాయి. చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికొచ్చే తాబేళ్ళు వాటి వలల్లో పడి, పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చచ్చిపోతున్నాయని నా అనుమానం. అది రుజువైతే, ఆ సీజనంతా రుషికొండ ఒడ్డుకి దూరంగా వేటాడమని బోట్లకి ప్రభుత్వం చేత చెప్పించవచ్చు. మా గైడు కాదనలేదు. "అనుమానాలు కాదమ్మా, ట్యాగులు తీసుకురా" అన్నారు.

ట్యాగంటే చిన్న లోహపు బిళ్ళ. గుడ్లు పెట్టి తిరిగి వెళ్ళే తాబేలు ముందు రెక్కకి దాన్ని బిగిస్తాం. దాని మీద ఒక నంబరు, మా డిపార్టుమెంటు చిరునామా ఉంటాయి. ఆ తాబేలు ఎక్కడ చచ్చి కొట్టుకొచ్చినా, చూసినవాళ్ళు బిళ్ళ మాకు పంపాలి. రుషికొండ ఒడ్డున జాలర్ల పల్లెలో ఇంటింటికీ తిరిగి ఈ సంగతి చెప్పాను. ఎండుచేపలు అమ్ముకునే ఒక ముసలావిడ అరుగే నా ఆఫీసు. మామ్మా అని పిలిచేదాన్ని. "తప్పకుండా సెప్తామమ్మా, నువ్వు బెంగెట్టుకోకు" అంటూ టీ గ్లాసు చేతిలో పెట్టేది.

రెండు సీజన్లు గడిచాయి. ఒక్క బిళ్ళ వస్తే ఒట్టు.

గైడుగారు నివేదిక రాసి పైకి పంపేశారు. ట్యాగు వేసిన తాబేళ్ళలో మరణాలేవీ నమోదు కాలేదు, బోట్లను ఆపాల్సిన అవసరం లేదు. ఇదీ సారాంశం. కింద ఆయన పేరు, దాని కింద నా పేరు.

"నమోదు కాకపోవడం, చావకపోవడం ఒకటేనా సార్?"

"మనకి ఒకటే" అన్నారు, తలెత్తకుండా. ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటతోనే పల్లెకి వెళ్ళాను. మామ్మ అరుగు మీద లేదు. సరుగుడు తోట పక్కన ఆడవాళ్ళతో నిలబడి ఉంది. ఇసకలో గుంట తవ్వి ఉంది. చచ్చిన తాబేలుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్త జాకెట్టు గుడ్డ కప్పారు. కొట్టుకొచ్చిన తాబేల్ని కూర్మావతారమని అలా సాగనంపడం వాళ్ళ ఆచారం. అది నాకు తెలుసు. ఎప్పుడూ చూడనిది, గుడ్డ అంచు కింద నుంచి రెక్కకి కనిపిస్తున్న బిళ్ళ.

"ఇదేమిటి మామ్మా! బిళ్ళుంది కదా, నాకు కబురు పంపరేం?"

ఆమె మొహం పాలిపోయింది. "ఎలాగ పంపుతామమ్మా? గవర్నమెంటోళ్ళు నంబరేసిన జీవం. మా ఒడ్డున సచ్చిపోనాదంటే మామే సంపీసినామని కేసెట్టెయ్యరా? బిళ్ళలున్నవన్నీ ఇక్కడే పూడ్సినాం. కొబ్బరికాయ కొట్టి మరీ పూడ్సినాం."

చెయ్యి తోట పొడుగునా తిప్పి చూపించింది. చావు కబురు తెలియాలని వేసిన బిళ్ళే ఆ కబురుని పాతిపెట్టించింది.

"తవ్వుదాం మామ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"దేవుణ్ణి పూడ్సి మళ్ళీ తవ్వుతారేటమ్మా?"

కేసులేమీ ఉండవని ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. ఆ ఒక్క బిళ్ళనీ బతిమాలి ఊడదీసుకుని, బస్సెక్కి గైడు గదికి పరిగెత్తాను. మిగతావి కూడా తవ్విద్దాం, నివేదిక మారుద్దాం అన్నాను.

ఆయన బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఒకటేగా. పంపించేసిన నివేదికని ఇప్పుడు మనమే తప్పంటే డిపార్టుమెంటు పరువేం కాను? చూద్దాంలే." బిళ్ళని సొరుగులో పడేశారు. అది మళ్ళీ బయటికి రాలేదు. అంత చదువు చదివిన మనిషికీ కేసు భయమే, పేరు మాత్రం పరువు.

మరుసటి చలికాలం మామ్మ కబురు పంపింది. వెళ్ళేసరికి తడి ఇసకలో పెద్ద తాబేలు పడి ఉంది. మెడకి నైలాను వల ముక్క చుట్టుకుని ఉంది.

"రామ్మా, రా. దీనికి బిళ్ళ లేదు. అందుకే ధైర్యంగా కబురెట్టినాను." మంచి పని చేశానన్న సంతోషం ఆమె మొహంలో.

బిళ్ళ లేని తాబేలు మా గైడు లెక్కలో చచ్చినట్టే కాదు. ఆ ముక్క ఆమెకి ఎలా చెప్పను? "మంచి పని చేశావు మామ్మా" అన్నాను. పక్కనే గుంట తవ్వించి పెట్టింది. పసుపు గిన్నె నా చేతికిచ్చింది. రాశాను. ఎదురుగా, ఒడ్డుకి కూతవేటు దూరంలో, బోట్లు వలలు లాగుతూనే ఉన్నాయి.

నా సంచిలో ఇంకా వెయ్యని బిళ్ళలున్నాయి. అన్నీ ఆ గుంటలో కుమ్మరించి, ఇసక కప్పమన్నాను.